బావ గాజు గొట్టంలో నా చిటికెడు రజను

చిటికెడు ఇనుప రజను ఎంత బరువుంటుంది? ఊదితే పోతుంది. నేను మాత్రం ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. మీకే మొదటిసారి చెబుతున్నాను.

యుద్ధం రోజులు. మా అక్క మొగుడు బెజవాడలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరు. నేను ఫోర్తు ఫారంలోనే బడికి దణ్ణం పెట్టి సైకిల్ షాపులో చేరినవాణ్ణి. మధ్యాహ్నం బావకి కారియర్ నేనే పట్టుకెళ్ళేవాణ్ణి. ఏడిపించడానికి అంతకన్నా మంచి మనిషి ఊళ్ళో లేడు మరి.

ఇనుముతో ఆయన ఒక ఎర్రపొడి తయారుచేశాడు. అందులో ఇనుము తాలూకు అయిదు ఎలక్ట్రాన్లు జతలు కట్టి ఇరుక్కుని ఉన్నాయా, గదికొకటి చొప్పున విడిగా ఉన్నాయా అన్నదే ఆయన బెంగ. విడిగా ఉంటే అయస్కాంతం గట్టిగా లాగుతుందట, ఆ పొడి నింపి త్రాసుకి వేలాడదీసిన గాజు గొట్టం ఎక్కువ తూగుతుందట. అలా తూగితే మద్రాసుకి రాసి పంపి, పెద్ద డిగ్రీ తెచ్చుకోవాలని ఆశ.

ఒకరోజు షాపులో ఆకురాయి కింద రాలిన రజను కాస్త పొట్లం కట్టి తీసుకెళ్ళాను. బావ చేతులు కడుక్కోడానికి వెళ్ళగానే పొడిలో కలిపాను. గొట్టం గంతేస్తుంది, ఆయన అదిరిపడతాడు, నవ్వుకుని అన్నం తింటాం. అంతే అనుకున్నాను.

త్రాసు చూసి బావ ఇంకోసారి తూచాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అయిదూ విడిగానే ఉన్నాయిరా."

"మనింట్లో ఒక్క గదికి ఆరుగురం. వాటికా భోగం, బావా?"

"నవ్వరా, నవ్వు. మీ అక్కకి నువ్వే చెప్పు. నీ చెయ్యి మంచిది."

చెప్పాను. అక్క పాయసం చేసింది. నేను మారు వడ్డించుకున్నాను. అప్పుడైనా ఎందుకు నోరు విప్పలేదు? ఆయన మొహం చూసి జాలా, నా పరువు పోతుందని భయమా? జాలేనని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను గానీ, రాస్తుంటే తెలుస్తోంది, భయమే ఎక్కువ.

మద్రాసువాళ్ళు మళ్ళీ చేసి చూడమన్నారు. కొత్తగా చేసిన పొడి పెద్దగా తూగలేదు. బావ తన కాగితాలు తనే వెనక్కి తీసుకున్నాడు. మొదటిసారి తన చేతులే మురికిగా ఉండి ఉంటాయన్నాడు. మళ్ళీ డిగ్రీ మాట ఎత్తలేదు. డిమాన్‌స్ట్రేటరుగానే రిటైరయ్యాడు.

ఇప్పటికీ అన్నానికి కూర్చునే ముందు చేతులు అరిగిపోయేలా సబ్బుతో రుద్దుకుంటాడు. చెంబుతో నీళ్ళు పోసేది నేనే. ఏదో ఒక జోకు వేస్తాను, నవ్వుతాడు. ఇవాళా పోశాను. ఆయనవి ఆ రోజు కూడా శుభ్రమైన చేతులే. ఆ మాట ఎక్కడో ఒకచోట ఉండాలి. రాశాను.