విత్తనానికి వదిలిన సొరకాయ

మా చిన్నప్పుడు... పాకాల దగ్గర మా పల్లెలో, స్నానాల దడి వెనక నీళ్లు పారే చోట అమ్మ ఒక సొరతీగ పెట్టింది. ఖర్చంటారా... పొయ్యిలో బూడిద, ఇంత పేడ, మేం ఒళ్లు కడుక్కున్న నీళ్లు. అంతే! ఇప్పుడు సంచులకీ కొబ్బరి పొట్టుకీ బుల్లి పారలకీ వేలు పోసి, కాసిన ఒక్క వంకాయతో ఫోటో దిగేవాళ్లను చూస్తే నాకు నవ్వు కూడా రాదు.

ఆ సొర గింజలు మా అమ్మమ్మవి. శ్రీకాళహస్తి దగ్గర అమ్మ పుట్టింట్లో ఎప్పటినుంచో కాస్తున్న సొర. అమ్మమ్మ నాలుగు గింజలు అమ్మ కొంగుకు ముడేసి పంపింది... ఆ నెలలోనే పోయింది. నాలుగు గింజల్లో మొలిచింది ఒక్కటే. అమ్మ దాన్ని మాకన్నా ముద్దుగా పెంచింది.

కాయలన్నీ కూరకు పోయినా ఒకదానికి మాత్రం పాత చీర పేలిక కట్టింది. పేలిక కట్టిన కాయ విత్తనానిది, ఎవరూ ముట్టకూడదు. కోతులకు తెలియకపోవచ్చు గానీ పల్లెలో పుట్టిన మనుషులందరికీ తెలుసు.

మా సుగుణత్తకు తప్ప. నాయన చెల్లెలు. పుట్టింది మా ఇంట్లోనే... తిరుపతిలో కాపురం పెట్టగానే అన్నీ మర్చిపోయింది. వచ్చినప్పుడల్లా మా మంచం మీద తుండు పరుచుకుని గానీ కూర్చునేది కాదు.

ఆ రోజు అమ్మ నీళ్లకు పోయి వచ్చేసరికి అత్త ఆ కాయ కోసి, పేలిక విప్పి పారేసి, కత్తిపీట ముందు కూర్చుని ఉంది.

"ఏంది వదినా, ఇంత కాయను తీగకే పెట్టుకోని మాకు చింతాకు పప్పు చేస్తా ఉండావే!"

"అది ఇత్తనానికి పెట్టిండేది సుగుణా..." అంది అమ్మ. అంతకు మించి అనలేదు. ఆడపడుచు కదా!

ఇంకో నెల ఆగితే ఆ కాయ ఎండి గలగలమనేది. అటు విత్తనమూ కాలేదు, ఇటు కూరా కాలేదు. మధ్యాహ్నం దాకా ఉడికినా పీచు పీచుగానే ఉంది. "ఈ పల్లె నీళ్లకు ఏదీ ఉడకదు," అని అత్త తేల్చేసింది. మా నాయన ఆ పీచును నములుతూనే "బాగుండాది" అన్నాడు. చెల్లెలు వండితే గడ్డి కూడా బాగుంటుంది ఆయనకు.

అమ్మ తొక్కల్లోంచి గింజలు ఏరి, కడిగి, చాటలో ఎండబెట్టింది. ఎండాక చూస్తే అన్నీ తాలు... లోపల పప్పే లేదు. అయినా నాటింది. రోజూ నీళ్లు పోసింది. ఏదీ మొలవలేదు. తీగ అప్పటికే ఎండిపోయింది.

పుట్టింటికి వెళ్లి తమ్ముణ్ని అడిగింది. "అయ్యన్నీ ఇంకా యాడుండాయక్కా! ఆ పాదు పీకేసి రేకుల కొట్టం ఏసినాం. అంగట్లో ప్యాకెట్లు దొరకతాయి గదా," అన్నాడు. తిరుగు బస్సులో అమ్మ ముఖం కిటికీ వైపు తిప్పుకుని ఏడ్చింది. అమ్మమ్మ పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు.

అమ్మ ఇప్పుడు లేదు. మొన్న సుగుణత్త ఫోన్ చేసింది. మిద్దె మీద తోట పెట్టిందట, దాని గురించి ఆమె జ్ఞానమంతా అరగంట విన్నాను.

"పాపా, మీయమ్మ ఏసిండేది సూడు, ఆ నాటు సొర... ఆ ఇత్తనాలుంటే రెండు పంపీమ్మా. ఈ ప్యాకెట్ కాయల్లో రుచే లేదు."

"లేవత్తా. ఆ విత్తనాల కాయను మీరే కోసి కూర చేశారు."

"నేనా! నేనెందుకు కోస్తా పాపా? ఎవురో కోసింటారు," అంది.

అబద్ధం కాదు. ఆమెకు నిజంగానే గుర్తు లేదు. నాకు ఒళ్లు మండింది అందుకే.

ఇప్పుడు విత్తనాలు కావాలంటే అంగడికి పోతే చాలు... ఒకప్పుడు అమ్మను అడగాల్సి వచ్చేది. మీ ఇంట్లో అలా కొంగున కట్టుకుని తెచ్చుకున్న విత్తనం ఏదైనా ఇంకా మొలుస్తోందా? ఉంటే దాని కథ ఇక్కడ రాయండి...

మా అత్తకు మాత్రం చెప్పకండి.