కుడి బూటు అలిగింది

బాబాయి చేతిలో బూట్లు పెట్టారంటే ఇక వాటి మీద ఆశ వదులుకోవాల్సిందే. తిరిగి రావని కాదు, వస్తాయి. కాకపోతే మీరు రమ్మన్నప్పుడు రావు, వాటికి బుద్ధి పుట్టినప్పుడు వస్తాయి. స్కేటింగ్ రింకులో గంటసేపు గిరగిరా తిరిగి, నడుము పట్టేసి, మళ్ళీ నేల మీద మనుషుల్లా ఎప్పుడు నడుస్తామా అని కౌంటరు దగ్గరికి వచ్చినవాళ్ళు, ఉత్త సాక్సులతో ఇంకో పావుగంట పడిగాపులు పడాలి. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస.

నిజానికి ఆ పని చిన్నపిల్లలైనా చేస్తారు. వచ్చినవాళ్ళు తమ జోడు కౌంటర్లో ఇచ్చి, తమ సైజు చక్రాల బూట్లు పుచ్చుకుంటారు. ఆట అయ్యాక అవి ఇచ్చి ఇవి తీసుకుంటారు. మధ్యలో ఏ అడ్డూ లేదు, బాబాయి తప్ప.

"పెద్దాయనా, నా బూట్లు?"

"ఎడమది వచ్చేసింది బాబూ. కుడిది అలిగింది."

"అలగడమేంటండీ?"

"గంట నుంచి మీరు వేరే బూట్లతో తిరుగుతున్నారు కదా, అలగదూ మరి. కూర్చోండి, బుజ్జగించి తెస్తాను."

అని ఎడమ బూటు ఒక్కటీ కౌంటరు మీద పెట్టి, తెర వెనక్కి మాయమైపోయేవాడు. వచ్చినవాళ్ళు ఒక కాలికి బూటు, ఒక కాలికి సాక్సుతో కొంగల్లా నిలబడి తిట్టుకునేవారు. ఒకసారి ఒక లెక్కల మాస్టారు గొంతు పెంచి, "నాది అలిగే బూటు కాదు, నేను క్రమశిక్షణతో పెంచాను" అన్నాడు. "అలాంటివే ఎక్కువ అలుగుతాయి మాస్టారూ" అని బాబాయి తెర వేసేసుకున్నాడు.

ఆయన ఎవరికి బాబాయో మాత్రం ఎవరికీ తెలియదు. రింకు ఓనరుగారి కోడలు నాలుగేళ్ళ కిందట కాపురానికి వచ్చి, టికెట్ల బల్ల దగ్గర కూర్చున్న మొదటిరోజే మామగారు "ఈయన బాబాయి" అని చూపించారు. ఆ పిల్ల తన భర్తకు సొంత బాబాయే అనుకుంది. ఆరు నెలలపాటు ఆయన ఎదురొస్తే లేచి నిలబడింది, ఆయన ముందు గట్టిగా నవ్వలేదు, ఆయన టీ తాగాకే తను తాగింది. అసలు సంగతి తెలిశాక ఇంటిల్లిపాదీ పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. కానీ అప్పటికే అలవాటైపోయింది. పినమామగారు కాకపోయినా మర్యాద అలాగే ఉండిపోయింది.

మామగారి సంగతి వేరు. ఆయన రింకు వయసులో సగం ఉంటుంది ఆయన గోధుమరంగు బూట్ల వయసు. "పదకొండేళ్ళయింది కొని. నడక తెలిసినవాడికి బూటు అరగదు" అని కనబడినవాళ్ళకల్లా కాలు చాపి చూపించేవారు. రోజూ పొద్దున్నే జనం రాకముందు చక్రాల బూట్లు కట్టుకుని పది చుట్లు తిరిగేవారు. అయ్యాక ఆయన కూడా సాక్సులతో నిలబడాల్సిందే. బాబాయికి ఓనరైనా ఒకటే, ఊళ్ళోవాళ్ళయినా ఒకటే.

మామగారికి ఉన్న ఇంకో గోల ఎలుకలు. చక్రాల బూటు ముందుభాగాన ఆగడానికి ఒక ఎర్ర రబ్బరు బిళ్ళ ఉంటుంది, బ్రేకు అంటారు. అరిగిపోయినవి విప్పి ఒక డబ్బాలో పడేస్తారు. వారం తిరిగేసరికి డబ్బా ఖాళీ. "రబ్బరు తినే ఎలుకలు ఈ రింకులోనే పుట్టాయి" అని మామగారు మూలమూలకీ ఎలుకల బోను పెట్టించారు. ఒక్క ఎలుకా పడలేదు. బాబాయి కాలి బొటనవేలు మాత్రం రెండుసార్లు పడింది.

ఎదురుగా ఉన్న బూట్లకొట్టాయన కూడా అప్పుడప్పుడు వచ్చి నిట్టూర్చేవాడు. "ఏం గాలి వీస్తోందో గానీ కోడలుగారూ, ఈ ఊళ్ళో బూట్లు చావడం మానేశాయి" అనేవాడు. ఆ పిల్ల వేళాకోళం అనుకుని నవ్వేసేది.

ఇలా నవ్వుతూ పోయే కాలానికి ఒక నెల దిష్టి తగిలింది. ఆ నెలలో మూడు ఫిర్యాదు ఉత్తరాలు వచ్చాయి. మూడింటి సారాంశం ఒక్కటే: బూట్లు మారిపోయాయి. మామగారు మొదటి వాక్యం చదివి మిగతాది మడతపెట్టేశారు.

"ఆలస్యమంటే భరించాను. ఒకరి జోడు ఒకరికిస్తే రేపు పరువేం కాను? తాళాల అల్మరాలు చెప్పేశాను, సోమవారం వస్తున్నాయి. ఎవరి బూట్లు వాళ్ళే పెట్టుకుంటారు. బాబాయికి ఇక విశ్రాంతి" అన్నారు. "నువ్వు చెబుతావా అమ్మాయ్, నేను చెప్పనా?"

మామగారు చెప్పడమంటే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. మూడు ముక్కల్లో తేల్చేస్తారు. "నేనే చెబుతాను మామయ్యగారూ" అంది. ఆదివారం నాలుగింటికి ఆట ముగిసేలోపు చెప్పాలని గడువు. ఆ రాత్రంతా ఆమెకు బాబాయి ఆలోచనే. ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళెవరూ లేని మనిషి. ఈ కౌంటరే లేకపోతే ఆయన పొద్దున్నే లేచి ఎటు వెళతాడు?

ఆదివారం రెండింటికి ధైర్యం కూడగట్టుకుని కౌంటరు దగ్గరికి వెళ్ళింది.

"బాబాయిగారూ, మీకొకటి చెప్పాలి."

"చెప్పా? ఎడమదా కుడిదా?"

నవ్వాలో ఏడవాలో తెలియక, "ఏం లేదు, బయట ఎండగా ఉంది" అని వచ్చేసింది. రెండున్నరకి మళ్ళీ వెళ్ళింది. "ఇందాక చెప్పాలన్నది..." అని మొదలుపెట్టి, "ఎండ తగ్గింది" అంది. మూడింటికి వెళ్ళేసరికి బాబాయే, "ఇప్పుడెలా ఉంది తల్లీ బయట?" అని అడిగాడు. ఆమె నిజంగానే వెళ్ళి బయట చూసి వచ్చి చెప్పింది.

మూడున్నరకి అసలు గొడవ మొదలైంది. కూతురితో వచ్చిన ఒక బస్సు కండక్టరు ఆట ముగించుకుని, పావుగంట నిలబడి, చేతికొచ్చిన బూట్లు తిప్పి చూసి, తిన్నగా టికెట్ల బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇవి నావి కావమ్మా."

కోడలు లెక్కపెట్టుకుంది. నాలుగో ఫిర్యాదు. "ఎలా చెబుతున్నారండీ?"

"నా బూటుకి చిల్లుండాలి."

"ఏమిటీ?"

"కుడి బూటుకి అడుగున, బొటనవేలు పట్టేంత చిల్లు. వానొస్తే నీళ్ళు నేరుగా లోపలికే. దీనికి చిల్లేదీ?"

"మిగతాదంతా మీదేనా?"

"రంగు నాదే. తాడు నాదే. తాడు తెగితే వేసుకున్న ముడీ నాదే." కండక్టరు బూటును ఇంకోసారి తిప్పి చూశాడు. "చిల్లొక్కటే నాది కాదు. పొరపాటున ఎవరిదో మంచి బూటు వేసుకుపోతే వాళ్ళ ఉసురు తగులుతుంది. నా చిల్లు బూటు నాకిప్పించండి."

కోడలు అతన్ని కూర్చోమంది. ఏదో తట్టినట్టయి, సొరుగు లాగి ఆ మూడు ఉత్తరాలూ తీసి ఈసారి చివరిదాకా చదివింది. నేనిచ్చిన బూటు నోరు తెరుచుకుని ఉండేది, తిరిగి వచ్చినది మూసుకుని ఉంది అని ఒకరు. మా వాడి బూటు మడమ అరిగి పక్కకు ఒరిగేది, ఇది నిటారుగా నిలబడుతోంది అని ఇంకొకరు. మూడో ఆవిడ, నా చెప్పుకి తెగినచోట పిన్నీసు పెట్టాను, ఇప్పుడు పిన్నీసూ లేదు, తెగినచోటూ లేదు, దయచేసి పిన్నీసైనా ఇప్పించగలరు అని రాసింది. మంచి జోడు ఇచ్చి పాతది పుచ్చుకున్నామని ఒక్కరూ రాయలేదు.

నాలుగేళ్ళలో ఆమె తెర వెనక్కి ఎప్పుడూ వెళ్ళలేదు. "బూట్ల కంపు తల్లీ, నువ్వు రాకూడదు" అని బాబాయి రానిచ్చేవాడు కాదు. ఇప్పుడు అడక్కుండా తెర పక్కకు లాగింది.

చిన్న పీట మీద బాబాయి కూర్చుని ఉన్నాడు. ఒడిలో ఎవరో పిల్లది చిన్న చెప్పు. చేతిలో తోలు కుట్టే ఆరె, పళ్ళ మధ్య దారం. పక్కన బంక డబ్బా. ఇంకో పక్కన, ఎలుకలు తిన్నాయనుకున్న ఎర్ర బ్రేకులన్నీ సాపుగా కోసి, సైజుల వారీగా పేర్చి ఉన్నాయి.

బాబాయి పళ్ళ మధ్య దారం తీసేశాడు. "ఎడమది అయిపోయిందమ్మా. కుడిది..."

"అలిగిందా?"

ఆయన తల గోక్కున్నాడు. "నిజంగానే అలుగుతుంది తల్లీ. మనుషులు బరువంతా కుడికాలి మీదే వేస్తారు, ముందు చిరిగేది అదే. బంక ఆరాలంటే పావుగంట పడుతుంది. నేనేం చెయ్యను?"

"కుడుతున్నానని చెప్పొచ్చు కదా బాబాయిగారూ. ఇరవై రెండేళ్ళుగా ఎందుకిన్ని తిట్లు?"

"చిరిగిన బూటు ఇచ్చేటప్పుడు ఎవరూ తలెత్తరమ్మా. గబుక్కున కౌంటరు మీద పెట్టేసి అటు చూస్తారు. కుట్టానని చెబితే ఆ తల ఇంకా వంగిపోతుంది. అదే ఆలస్యం చేశాననుకో, తలెత్తి తిడతారు." ఆయన చెప్పులోంచి ఆరె బయటికి లాగాడు. "తిట్టేటప్పుడు మనిషి బాగుంటాడు."

ఆమెకు కళ్ళు చెమర్చి, అంతలోనే నవ్వొచ్చింది. సరిగ్గా అప్పుడే తెర అవతల మామగారి గొంతు వినిపించింది. "నాలుగైంది. చెప్పావా అమ్మాయ్?"

ఆమె బయటికి వచ్చింది. "చెబుతాను మామయ్యగారూ. ముందు మీ కుడి బూటు ఒకసారి తిరగేయండి."

"దానికేం, పదకొండేళ్ళయినా..." అంటూ ఆయన బూటు విప్పి తిరగేశారు. మడమ ఎర్రగా ఉంది. అడుగున రబ్బరు మీద రబ్బరు మూడు పొరలు, చుట్టూ కొత్తవీ పాతవీ కుట్లు. మొదట కొన్న బూటులో మిగిలింది పైన తోలు ముక్క, లోపల కాలు.

"ఎలుకలు..." అన్నారు మామగారు. తరవాత, "నడక తెలిసినవాడికి..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. కోడలు మూడు ఉత్తరాలూ చేతిలో పెట్టింది. ఈసారి ఆయన మడతపెట్టకుండా చదివారు. పిన్నీసు దగ్గర ఆయన మీసాలు కదిలాయి.

"అల్మరాలు?" అని ఆమె మెల్లగా అడిగింది.

"రానీ. కొత్త జోళ్ళవాళ్ళు వాటిలో పెట్టుకుంటారు. చిరిగినదాన్ని లోపల పెట్టి తాళం వేస్తే బాగవుతుందా?" అన్నారాయన. వారం నుంచి ఆమె గుండెల మీద కూర్చున్న బండ దిగిపోయింది. ఇంత హాయిగా ఊపిరి పీల్చుకుని ఎన్నాళ్ళయిందో.

ఇక కండక్టరు మిగిలాడు. అతనికి ఏం చెప్పాలా అని ఆమె తడబడుతుంటే బాబాయి తెర తీసుకుని వచ్చాడు. "కండక్టరుగారూ, బూట్లు మీవేనండీ. చిల్లొక్కటీ అలిగి వెళ్ళిపోయింది. ఎంత బతిమాలినా రానంది."

కండక్టరు బూటు వంక చూశాడు, బాబాయి వేళ్ళకు అంటిన బంక వంక చూశాడు. "పోతే పోయిందిలెండి, ఎప్పుడూ దానితో గొడవే" అని తలెత్తి నవ్వి, కూతురి చెయ్యి పట్టుకుని బయటికి వెళ్ళే మెట్లెక్కాడు. వెనకనుంచి చూస్తే, ఆ మెట్లు ఎక్కుతున్నవాళ్ళలో సగంమంది బూట్ల మడమలు ఎర్రగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ తను ముఖాలే చూసిందని ఆమె అనుకుంది.

"అవును తల్లీ, మధ్యాహ్నం నుంచి ఏదో చెప్పాలంటున్నావు?" అన్నాడు బాబాయి.

"ఆ చెప్పు తెగిపోయింది బాబాయిగారూ. దాన్ని కుట్టక్కర్లేదు."

ఆయనకు ఏం అర్థమైందో గానీ తలూపాడు. మామగారి చేతిలోని బూటు తీసుకుని, కుట్టు ఒకచోట వదులైందని గొణుక్కుంటూ లోపలికి పోయాడు. పావుగంట గడిచింది. మామగారు ఒంటి సాక్సుతో బెంచీ మీద కూర్చుని, గడియారం చూసుకుని, అలవాటు కొద్దీ కేకేశారు.

"ఏమయ్యా, నా బూటు?"

"అలిగిందండీ" అంది తెర.

"సరే, తీరిగ్గానే బుజ్జగించు" అని మామగారు కాలు మడుచుకుని కూర్చున్నారు.