అందరికీ ఒకటే బర్రె పుస్తకం

ఇది రెండు సామ్రాజ్యాల మధ్య జరిగిన యుద్ధం కథ. ఒక పక్క చాయ్, మరో పక్క అక్షరం. నడుమ తువ్వాల భుజాన వేసుకున్న ఒక చక్రవర్తి. పైన ఆకాశంలో లోహపు పక్షుల గర్జన. ఇందులో శపథం ఉంది, గడువు ఉంది, చివర్లో నాలుగు కాళ్ల జంతువు కూడా ఉంది.

అంత లేదు. మా ఇంటి ముందు రెండు మడిగెలు, అంటే దుకాణం గదులు ఉన్నాయి, అందులో ఒకటి మా అక్క తీసుకుంది. చక్రవర్తి అంటే మా నాన్న, బాపు. లోహపు పక్షులంటే విమానాలు. తొండుపల్లిలో ఉంటాం కాబట్టి కథ ఉన్నా లేకపోయినా అవి ఎలాగూ పోతుంటాయి. జంతువు మాత్రం నిజమే. కాకపోతే అది అట్ట మీది బొమ్మ.

ఎయిర్‌పోర్టు వచ్చాక మా దిక్కు ఎవరు గోడ కట్టినా దానికొక షటర్ పెట్టేవాళ్లు. బాపు కూడా రోడ్డు వైపు రెండు గదులు కట్టి, రెండు షటర్లు దించి, కిరాయిదారుల కోసం ఎదురుచూశాడు. ఒక మడిగెలో చాయ్ హోటల్ అన్న దిగాడు. రెండోదాంట్లో మా పాత కూలర్, విరిగిన మంచం, అమ్మ పారేయనివ్వని డబ్బాలు దిగాయి.

అక్క కార్గో ఆఫీసులో ఉద్యోగం మానేసి వచ్చిన వారానికే ఆ మడిగె అడిగింది. పుస్తకాలు పెడతానంది, కిరాయికి ఇస్తానంది. చిన్నప్పటి నుంచి దాని మంచం కింద పుస్తకాలే. కోఠి ఫుట్‌పాత్ మీద ఏ ఆదివారం వదిలినా సంచి నింపుకుని వచ్చేది. మంచం కింద జాగా అయిపోయింది కాబట్టి షటర్ కిందికి వస్తోందని నేను అర్థం చేసుకున్నాను.

బాపుకు అర్థం కాలేదు. "గంజులు కిరాయికిస్తరు, కుర్చీలు కిరాయికిస్తరు. పుస్తకాలు కిరాయికిచ్చుడేంది బిడ్డా? టెంట్ సామానా?"

"చదివి వాపసిస్తరు బాపు."

"చదివినంక వాపసెందుకు, చదివినంక ఇగ దాంతోని ఏం పని?"

ఇది తేలని ప్రశ్న. ఈలోగా పక్క మడిగె చాయ్ అన్న గోడ మీద చెయ్యేసి, "కాకా, గీ నడిమి గోడ తీస్తె ఇంకో నాలుగు బల్లలు పడ్తయి" అన్నాడు. ఆ మాట అతను రోజూ అనేవాడు. చాయ్ ఇస్తూ అనేవాడు, గ్లాసు కడుగుతూ అనేవాడు. గోడ కూడా వినీ వినీ జర ఒరిగినట్టు నాకనిపించేది.

చివరికి బాపు తీర్పు చెప్పాడు. "బతుకమ్మ దాకా చూస్త. అప్పటికల్ల రోజుకొక్క మనిషన్న ఆ మెట్లెక్కాలె. ఎక్కుతె నీది. లేకుంటె తాళంచెవి చాయ్ హోటల్‌కే."

అక్క ఏడవలేదు, వాదించలేదు. కూర్చుని పుస్తకాలన్నిటికీ అట్టలు వేయడం మొదలుపెట్టింది. మా ఇంట్లో అది ఏడుపు కన్నా సీరియస్. అమ్మ ఎవరి పక్షమో ఎవరికీ చెప్పలేదు. రెండు పక్షాలకూ అన్నం పెట్టింది.

మడిగె తెరిచారు. జనం రాలేదనలేను. వచ్చారు, మెట్టు కింద నిలబడ్డారు, లోపలికి చూశారు. పక్కన చాయ్ తాగుతూ చూసిన వాళ్లే ఎక్కువ. ఎవరైనా నోరు తెరిచి అడిగితే వాళ్ల మాట ఒకటే: "ఏమన్న మంచిది ఉంటే ఇయ్యుండ్రి."

"ఎసొంటిది కావాలె?" అనేది అక్క.

"ఏదైనా పర్వాలే."

అక్క నాలుగు పుస్తకాలు తీసి చూపించేది. వాళ్లు నాలుగింటినీ మర్యాదగా చూసి, మర్యాదగా వాపసిచ్చి, మళ్లొస్తమని చెప్పి, పక్కకు పోయి చాయ్ తాగేవాళ్లు. అక్కడ మాత్రం చక్కెర తక్కువ, అల్లం ఎక్కువ, గ్లాసు సగం అని గడగడా చెప్పేవాళ్లు. చాయ్ విషయంలో ఇంత స్పష్టత ఉన్న జాతి పుస్తకాల దగ్గర మూగబోవడం అక్కకు మింగుడు పడలేదు.

అప్పట్లో నా ఉద్యోగం పేరు ప్రిపరేషన్. ఏదో ఒక నోటిఫికేషన్ కోసం ప్రిపేరవుతున్నవాడు చేసే ముఖ్యమైన పని ఫోన్లో క్విజ్‌లు ఆడటం. నన్ను బాగా పట్టుకున్నది 'మీ స్వభావానికి ఏ పుస్తకం సరిపోతుంది' అనే రకం ఇంగ్లిష్ క్విజ్. నాలుగు ప్రశ్నలకు జవాబిస్తే చాలు, మనల్ని పుట్టినప్పటి నుంచి ఎరిగినట్టు చెప్పేస్తుంది. నాకు ఒకసారి విషాద ప్రేమ కవిత్వం వచ్చింది. 'మీ లోపల ఒక సముద్రం ఉంది' అని కింద రాసి ఉంది. తీసుకెళ్లి అక్కకు చూపించాను.

"లోపల సముద్రమున్నోడివి, పొద్దున మోటరెయ్యనీకి ఎందుకు మర్చిపోతవు?" అంది.

అంటూనే ఫోన్ తీసుకుని ఆ ప్రశ్నలన్నీ చదివింది. మళ్లీ చదివింది. "జనాలకు ఏం కావాలెనో నేనడిగితె చెప్తలేరు. ఫోన్ అడిగితె చెప్తరేమో రా" అంది. మంచి బుద్ధి. దాన్ని చెడగొట్టే బాధ్యత నాకప్పగించింది.

ముందు ఇంగ్లిష్ క్విజ్‌నే మా గల్లీ చివర బుకింగ్ కోసం కారు ఆపుకుని కూర్చునే డ్రైవరన్న మీద ప్రయోగించాను. తెలుగు చేసి చదివాను. "అన్నా, బయట మంచు పడుతున్నది. నువ్వు ఇంట్ల చలిమంట ముందు కూసున్నవ్. ఏం చేస్తుంటవ్?"

"షంషాబాద్‌ల మంచు పడ్తె నేను ఇంట్లెందుకు కూసుంట తమ్మీ? ఫ్లైట్లన్ని లేటయితయి, రేట్లు పెరుగుతయి. బండి మీదుంట."

"సరే. ఒంటరిగ ఒక దీవిల చిక్కుకున్నవ్."

"దీవి నుంచి రిటర్న్ బుకింగ్ ఉంటదా?"

దాంతో మన క్విజ్ మనమే రాసుకోవాలని తేలిపోయింది. క్విజ్‌లు తయారుచేసుకునే వెబ్‌సైటు ఒకటి పట్టుకుని, పూనకం వచ్చినట్టు కూర్చుని రాశాను. పెండ్లిలో ఏ బంతికి కూర్చుంటారు? ఫోన్ మాట్లాడుతుండగా నెత్తి మీద విమానం పోతే అరుస్తారా, ఆగుతారా, ఫోన్ పెట్టేస్తారా? కొత్తూరు పోయే బస్సులో కిటికీ సీటు కోసం చేతిరుమాలు విసురుతారా? ఒక్కో జవాబుకు ఒక్కో రకం పుస్తకం కట్టాను. మొదటి బంతివాడికి సాహస కథలు, విమానం మీద అరిచేవాడికి నాటకాలు.

ఒక్క చిక్కు మిగిలింది. మా దగ్గర ఎవరింటికైనా పోతే, చాయా, మజ్జిగా అని అడగ్గానే ఫలానాది అని చెప్పేవాడిని ఆత్రగాడంటారు. మంచి ఇంట్లో పుట్టినవాడు ముందు 'ఏదైనా పర్వాలే' అనాలి. అవతలివాళ్లు మళ్లీ అడగాలి. మళ్లీ అదే అనాలి. అందుకని ప్రతి ప్రశ్న కింద చివరగా 'ఏదైనా పర్వాలే' అని ఒక జవాబు పెట్టాను.

"గది అవసరమా?" అంది అక్క.

"మర్యాద అక్కా. ఎవరన్న ఒత్తుతరా ఏంది?"

ఆ జవాబుకు కూడా ఏదో ఒక పుస్తకం కట్టకపోతే వెబ్‌సైటు ముందుకు పోనివ్వడం లేదు. ఎవరికీ రాదు కదా అని, రాజేంద్రనగర్ దిక్కున పాత కాగితాల దుకాణంలో కట్టతోపాటు ఉచితంగా వచ్చిన లావుపాటి పుస్తకాన్ని దానికి కట్టాను. బర్రెల పోషణ. అట్ట మీద ఒక నల్లటి బర్రె, మనం ఏదో తప్పు చేసినట్టు చూస్తూ.

బతుకమ్మ పండుగకు ముందటి ఆదివారం 'మీరు ఏ పుస్తకమో తెలుసుకోండి' అని స్కాన్ చేసే కోడ్ ప్రింటు తీసి చాయ్ హోటల్ గోడకే అంటించాం. చాయ్ అన్న వద్దనలేదు. స్కాన్ చేయడానికి నిలబడ్డవాడు చాయ్ చెప్పక తప్పదని అతని లెక్క. ఎంతైనా యుద్ధనీతి తెలిసిన మనిషి.

జనం వచ్చారు. ఫోన్లు ఎత్తారు. నేను, అక్క మెట్ల మీద నిలబడ్డాం.

మొదట డ్రైవరన్న వచ్చాడు. ఫోన్ నా మొహం ముందు పెట్టాడు. "తమ్మీ, నాకు బర్రె వచ్చిందేంది?"

వెనకే మా కాలనీలో కిరాయికుండే మేడం వచ్చింది. విజయవాడ దిక్కు మనిషి, ఎయిర్‌పోర్టులో చెక్-ఇన్ కౌంటర్లో కూర్చుంటుంది. "ఏమండీ, నాకు గేదె వచ్చింది. ఏదో పొరపాటు జరిగినట్టుందండీ."

"మాకు బర్రె, మీకు గేదె. రెండూ ఒకటే మేడం" అన్నాడు డ్రైవరన్న, ఓదార్పుగా.

ఆ వెనకాల వచ్చిన ప్రతి ఒక్కరి ఫోన్లోనూ అదే. మెట్ల ముందు మంద తయారైంది. చాయ్ అన్న కూడా పొయ్యి వదిలి వచ్చాడు. అతనికీ బర్రే. "నాకు పాలతోని పనుంది, నాకొస్తె ఒక అర్థముంది. మీకెందుకొచ్చింది?" అని అందరినీ నిలదీశాడు.

నేను ఫోన్లో జవాబులు తెరిచి చూశాను. ఊరు ఊరంతా అన్ని ప్రశ్నలకూ 'ఏదైనా పర్వాలే' ఒత్తింది. మర్యాదలో మమ్మల్ని కొట్టేవాళ్లు లేరు.

"అన్నా, నువ్వే గదా ఏదైనా పర్వాలే అని ఒత్తినవ్" అన్నాను.

"పర్వాలే అంటె? అడిగితె అంటం! గంత మాత్రాన మనిషికి బర్రెనిస్తవా?"

అప్పుడు అక్క ఒక మెట్టు దిగింది. "మరి ఏం కావాలె అన్నా?"

డ్రైవరన్న కోపంలో ఉన్నాడు. కోపంలో ఉన్న మనిషికి మర్యాద గుర్తుండదు. "నాకా? హత్య జరగాలె. ఎవడు చేసిండో చివరిదాకా తెల్వొద్దు. పార్కింగ్‌ల నిద్ర రావొద్దు!"

అక్క లోపలికి పోయి ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. అతను అట్ట చూసి, "గిదెప్పటి నుంచి ఉంది మీ దగ్గర?" అన్నాడు, మేమే దాచినట్టు.

"నాకు నవ్వొచ్చేది కావాలండీ" అంది మేడం. "పొద్దుట్నించీ కౌంటర్లో ఉత్తుత్తి నవ్వే నవ్వుతాను. రోజుకొక్కటైనా నిజంది కావాలి."

ఇగ అందరూ మొదలుపెట్టారు. నేను బర్రె కాదంటే నేను బర్రె కాదని, మరి తామేమిటో ఒకరి మీద ఒకరు అరిచి చెప్పారు. అక్క లోపలికీ బయటికీ తిరుగుతోంది. దాని మొహం చూసి చాన్నాళ్లయిందని అప్పుడే నాకు తెలిసింది. అంతవరకు అట్టల కాగితం వెనకే చూశాను.

ఈ లొల్లి విని బాపు వచ్చాడు. అందరి మీద ఒకసారి కళ్లు తిప్పి, "నాక్కూడ చెయ్యి రా" అన్నాడు. నేను ప్రశ్నలు చదివాను. ప్రతిదానికీ 'ఏదైనా పర్వాలే'. పెండ్లిలో ఏ బంతి అంటే కూడా అదే. మొదటి బంతి కోసం సొంత బావమరిదిని మోచేత్తో జరిపిన మనిషి.

బర్రె వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క పుస్తకం తెచ్చి ఇచ్చింది. బాపు అట్ట మీది బర్రెను చూశాడు, బర్రె బాపును చూసింది.

"నాకు గిదొద్దు" అన్నాడు.

చొక్కా రంగు దగ్గర్నుంచి కూరలో ఉప్పు దాకా 'పర్వాలే' తప్ప మరో మాట అనని మనిషి. అక్క బర్రె పుస్తకం వాపసు తీసుకుంది. "మరి నీకేం కావాలె బాపు?"

సరిగ్గా అప్పుడే విమానం. మా ఊళ్లో విమానం పోతున్నప్పుడు ఎవరూ మాట్లాడరు, నోరు తెరిచినవాళ్లు తెరిచినట్టే ఆగుతారు. బాపు అలాగే ఆగాడు. ఇన్నేళ్ల మౌనం బద్దలవుతుందని, కన్నీళ్లు తుడుచుకోడానికి ఏదైనా దొరుకుతుందా అని నేను చుట్టూ చూశాను. విమానం పోయింది.

"దయ్యాల కథలున్నయా?" అన్నాడు.

ఉన్నాయి. బాగా ఉన్నాయి. మరుసటి రోజు నుంచి బాపు పొద్దున్నే మడిగెలోకి పోయి, పాత కూలర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. చీకటి పడితే చేను దిక్కుకు పోవడానికి నన్ను తోడు రమ్మనేవాడు. కారణం మాత్రం పాములని చెప్పేవాడు.

బతుకమ్మ పొద్దున చాయ్ అన్న న్యాయం అడగడానికి వచ్చాడు. "కాకా, రోజుకొక్క మనిషన్న అన్నవ్. నిన్న వానకు ఎవ్వరు మెట్లెక్కలే. నేను చూసిన."

"నేనెక్కిన" అన్నాడు బాపు, పేజీలోంచి తల ఎత్తకుండా.

"నువ్వు ఓనరువి!"

"ఓనరు మనిషి గాడా?"

చాయ్ అన్న నా వైపు చూశాడు. నేను ప్రిపరేషన్‌లో ఉన్నట్టు మొహం పెట్టాను.

"బాయిల దయ్యం ఎవరో ఇంక తేలలే" అన్నాడు బాపు పేజీ తిప్పుతూ. "తేలినంక గోడ సంగతి చూద్దం." లోపల ఇంకా రెండు వరసల దయ్యాలున్న సంగతి చాయ్ అన్నకు తెలియదు. అక్క తలుపు వెనక నిలబడి నోరు మూసుకుని నవ్వుతోంది. చివరికి చాయ్ అన్న బర్రె పుస్తకం తీసుకుని పోయాడు, పాలు చిక్కగా రావడం గురించి ఒక అధ్యాయం ఉందని. చాయ్‌లో ఏ మార్పూ రాలేదు.

పుస్తకం వాపసు వచ్చాక అక్క దాన్ని అరలో పెట్టలేదు, బల్ల మీదే ఉంచుకుంది. ఎవరైనా వచ్చి ఏదైనా పర్వాలే అంటే ముందు దాన్నే చేతిలో పెడుతుంది. "అయ్యో, గిది కాదు" అంటారు. "మరి?" అంటుంది. అప్పుడు చెప్తారు. నా క్విజ్ మొత్తం చేయలేని పని ఆ బర్రె ఒక్క చూపుతో చేస్తోంది. వెబ్‌సైటు ఉచిత గడువు అయిపోయి క్విజ్ ఎప్పుడో ఆగిపోయింది. కోడ్ మాత్రం చాయ్ గోడకు అలాగే ఉంది, తెలియనివాళ్లు ఇంకా ఫోన్లు ఎత్తుతుంటారు.

మడిగె పొద్దున పదింటికి తెరుస్తారు. మంగళవారం బంద్.