పంజగుట్టలో దిగుతానన్న పెద్దాయన

సరుకు చూడకుండా కొనని దుకాణదారుల ఇంట్లో పెరిగాను. అందుకే నా మొదటి పది కిలోమీటర్ల పరుగుపందేనికి ముందురోజే ఆ దూరమంతా పరిగెత్తి చూసుకున్నాను. సాయంత్రం అమీర్‌పేటలో బస్సెక్కేసరికి పిక్కలు పట్టేసి నిలబడలేకపోయాను.

సీట్లో ఉన్న ముసలాయన ఏమైందని అడిగాడు. చెబితే పకపకా నవ్వాడు.

"రేపు ఉరికేది ఇయ్యాల్నే ఉరికినవా? మస్తు తెలివిగల్లోనివి! జర కూసో బిడ్డా."

"వద్దు తాతా, మీరే కూర్చోండి."

"నేను పంజగుట్టల దిగుత. ఫికర్ చెయ్యకు."

ఏ వ్యాపారి చెప్పిన ఆఖరి ధరనూ నమ్మనివాణ్ని, ఆ మాట నమ్మి కూర్చున్నాను. పంజగుట్ట దాటింది. ఖైరతాబాద్ కూడా దాటింది. ఆయన కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. నేను లేవబోతే భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు.

మర్నాడు పందెంలో సగం దూరానికే నా కాళ్లు ఇక చాలని బేరం మొదలుపెట్టాయి. భుజం మీది ఆ చెయ్యి, నా కోసం ఆయన నిలబడ్డ దూరం గుర్తొచ్చాయి. ఒక్క అడుగు కూడా తగ్గించకుండా పది కిలోమీటర్లూ చెల్లించాను.