ఎడమ మర

“పోయి చెప్పయ్యా! ఇరగ్గొట్టింది నేనే సాబ్ అని ఒక్క మాట. చెప్తే నీ నోట్లోంచి ముత్యాలేమన్నా రాల్తాయా?”

“చెప్పొద్దని ఆ డ్రైవరే అన్నాడంటే ఇనవేమే! నువ్వు నోరు తెరిస్తే నాకు ఇంకా పెద్ద శిక్ష పడద్ది భాయ్ అన్నాడు.”

“ఆహా! శిక్ష పడేవాడే వద్దన్నాడా? పిరికోడు ఎన్ని కతలైనా చెప్తాడు.”

“నీకు చెప్పేదానికన్నా ఆ కొలిమికి చెప్పుకునేది మేలు.”

పందొమ్మిది వందల అరవైల్లో, సూళ్లూరుపేటలో, మా వాకిట్లో నాకూ మా ఇంటాయనకూ జరిగిన రభస ఇది. ఇన్నేళ్లకు నిన్న మళ్లీ చెవుల్లో మోగింది. మనవరాలు టేబుల్ ఫ్యాను తుడవాలని, రెక్కల్ని పట్టి ఉంచే బిరడాను ఎడమకు తిప్పుతూ చెమటలు కక్కుతోంది. “కొత్తది కొనేదానికి దుడ్లు చెట్లకు కాయవు, ఇరగ్గొట్టబాక. అది ఎడమ మర, కుడికి తిప్పితేనే ఊడేది” అన్నాను. ఊడి వచ్చింది. “బడికి రెండేళ్లు కూడా పోలేదంటివే అవ్వా, నీకెట్ట తెలుసు?” అంది. ముందు ఫ్యాను తుడవమన్నాను. పిల్లలకు గొప్పగా చెప్పుకునే సంగతి కాదది.

మా ఆయనది బండి చక్రాలకు ఇనుప పట్టాలు వేసే కొలిమి. చెయ్యి బలమైనది, నోరు అంతకన్నా బలమైనది. యుద్ధం మాటలు ఊరంతా తిరుగుతున్న ఆ రోజుల్లో మిలిటరీ లారీలు కొన్ని వచ్చి మా వీధి చివర సరుగుడు తోపులో ఆగాయి. పులికాటు చెరువు ఉప్పునీళ్లలో దిగి వచ్చిన బండ్లవి. ఉప్పునీళ్లు తగిలిన చక్రాన్ని ఊరికే వదలకూడదట. ప్రతి చక్రమూ విప్పి, పాత గ్రీజు తుడిచి, బేరింగులు కిరసనాయిల్లో కడిగి, కొత్త గ్రీజు కూరి మళ్లీ బిగించాలి. తోపంతా కిరసనాయిలు వాసన. వాళ్లు తుడిచి పారేసే గ్రీజు చూసి నా ప్రాణం గిలగిలలాడింది. మేమైతే ఇరుసుకు పెట్టే కందెనను వేలితో ఎత్తి, చిప్ప అంచుకు గీరి మరీ వాడుకునేవాళ్లం. సర్కారు సొమ్ముకు గీరే వాళ్లుండరు గదా అనుకున్నాను.

సాయంత్రం ఒక డ్రైవరు మా కొలిమికి వచ్చాడు. ఉత్తరాది మనిషి. మా తురక మాట విని ప్రాణం లేచొచ్చినట్టు నవ్వాడు. ఒక చక్రం నట్లు పట్టేశాయని, పానాకు తొడిగి తిప్పడానికి పొడుగు గొట్టం కావాలని అడిగాడు. గొట్టం ఇచ్చి ఊరుకుంటే ఆయన మా ఆయన ఎందుకవుతాడు? తనూ వెంట పోయాడు. డ్రైవరు కిరసనాయిలు డబ్బా కోసం అటు తిరిగేసరికి పానా అందుకుని, “చిన్నప్పటి నించి చక్రాలు ఇప్పే చెయ్యి ఇది, చూడండి” అని గుమిగూడిన వీధి జనానికి చెప్పి బలంకొద్దీ ఎడమకు తోశాడు. ఏ నట్టయినా ఎడమకే ఊడుతుందని ఆయన నమ్మకం. ఆ లారీలకు ఎడమవైపు చక్రాల మర తిరగేసి ఉంటుందని ఆయనకేం తెలుసు? ఊడదీస్తున్నాననుకుని బిగించాడు. టప్పుమని బోల్టు తెగింది. తుప్పు పట్టిందిలే అని పక్కదాన్నీ అట్లాగే తెంచాడు. వీధంతా గొల్లున నవ్వింది. డ్రైవరు డబ్బా కింద పెట్టేసి పరుగెత్తుకొచ్చి మా ఆయన చెవిలో ఏదో చెప్పాడు. మా ఆయన తల వంచుకుని ఇంటికొచ్చి కూర్చున్నాడు.

ఆ మాటేమిటో తర్వాత చెప్పాడు. నేను నమ్మలేదు. మొదట చెప్పిన రభస అప్పటిదే. నువ్వు చేసిన పనికి పరాయి బిడ్డ తిట్లు తింటుంటే నీకు ముద్ద ఎట్లా దిగుతుందని అడిగాను. నిజంగానే దిగలేదు. పళ్లెం పక్కకు జరిపి పడుకున్నాడు. అన్నం వృథా కానీయకూడదు గదా, నీళ్లు పోసి ఉట్టిమీద పెట్టాను.

తెల్లవారి నేనే ముసుగు సర్దుకుని తోపుకు పోయాను. ఆ డ్రైవరు, అదే శిక్ష కాబోలు, తుపాకి రెండు చేతులతో నెత్తిమీదికి ఎత్తి పట్టుకుని లారీల చుట్టూ పరుగెడుతున్నాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. పాల చెంబులతో పోయే ఆడవాళ్లు నిలబడి చూస్తున్నారు. ఆఫీసరు అరవదేశం మనిషిలా ఉన్నాడు. “ఎన్నమ్మా, ఏం కావాల?” అన్నాడు.

“అయ్యా, నిన్న ఆ చక్రం...” అన్నానో లేదో, డ్రైవరు పరుగు ఆపి, “సాబ్! బిందె కోసం వచ్చింది. చక్రాలు కడిగేదానికి నిన్న వాళ్లింటి బిందె తెచ్చుకున్నాం” అని తురక మాటల్లో అరిచాడు. అరిచి నా వైపు చూసి, తుపాకి దించకుండానే, వద్దన్నట్టు తల అడ్డంగా ఆడించాడు.

ఆఫీసరు మండిపడ్డాడు. “లారీ మీద బయటి మనిషి చెయ్యి పడలేదంటివి. బయటి బిందె మాత్రం తెస్తివా?” అని ఇంకొన్ని చుట్లు పరుగెత్తమన్నాడు. బయటి వాళ్లను బండి ముట్టుకోనిస్తే బోల్టు తెంచినదానికన్నా పెద్ద తప్పని నాకప్పుడు తెలిసింది. మా ఆయన అబద్ధం ఆడలేదు.

ఎవరో సిపాయి ఒక సొట్ట బిందె తెచ్చి నా చేతిలో పెట్టాడు. అది మాది కాదు. ఒకరి గుండుసూది ముట్టనిదాన్ని, ఆ బిందె సంకనెత్తుకుని, వీధి జనం చూస్తుండగా ఇంటికొచ్చాను.

“అదెవరిదే?” అన్నాడు మా ఆయన.

నేను ఉట్టి దించి, ఆయనకు చద్దన్నం పెట్టాను.