సత్తయ్య బండసందుల తోట

పెగడపల్లి సత్తయ్య నలభై ఏళ్ళు తాటిచెట్ల మీద కల్లు గీస్తూ బతికిన మనిషి. కింద ఎవరేం చేసుకుంటున్నా ఆయనకు పట్టేది కాదు. అలాంటివాడు అరవై రెండో ఏట మోకాలు మొండికేస్తే చెట్టు దిగి, ఇంటి వాకిట్లో బండల సందుల్లోకి తొంగిచూస్తూ కూర్చున్నాడంటే ఊరు నవ్వకుండా ఎలా ఉంటుంది?

ఆ నల్లబండలు ఆయన స్వయంగా పరిచినవే. సిమెంటు పెట్టలేదు గనక బండకూ బండకూ మధ్య వేలెడు సందు. ఒక వానాకాలం అందులో ఎవరూ నాటని గడ్డిగులాబి మొక్క ఒకటి లేచింది. సూదుల్లాంటి బొద్దు ఆకులు, వేళ్ళ కింద చిటికెడు మన్ను, నెత్తిన ఎర్రటి పువ్వు. "గింత సందుల ఎట్ల బతుకుతున్నవే," అని దాన్నే అడిగాడు సత్తయ్య. ఆనాటి నుంచి మనిషి దాని వశమైపోయాడు. జగిత్యాల పోయినా, కోరుట్ల చుట్టాలింటికి పోయినా, ఎవరి గోడవారన ఆ మొక్క కనబడ్డా ఒక రెమ్మ తుంచి జేబులో వేసుకొచ్చేవాడు. కల్లు గీసిన కత్తితోనే సందుల్లో గడ్డి గీకి, గుప్పెడు ఇసుక రాల్చి, రెమ్మలు గుచ్చేవాడు.

బిడ్డ నవనీత సిరిసిల్లలో బట్టలు కుట్టే షెడ్డులో పనిచేస్తుంది. తండ్రంటే ప్రాణం, ఆ బండలంటే మంట. ఆ ఎగుడుదిగుడులో కాలు ఇరుక్కుని ఆయన ఒకసారి బోర్లా పడ్డాడు మరి.

"బాపూ, దసరా లోపల టైల్స్ ఏపిస్త. సందులు గిందులు ఏముండయి," అంది.

"పూలు పూసినా గూడ ఏపిస్తవా?"

"వాకిలి నిండ పూస్తే నేనే ఊకుంట. లేకుంటే టైల్సే."

సత్తయ్య సరేనన్నాడు. ఆ రాత్రి నుంచే ఆయనకు ఒకటే ఆలోచన. ఎక్కడానికి చెట్టు లేదు, ఇక ఈ సందులు కూడా మూసేస్తే పొద్దున లేచి ఏ ముఖం పెట్టుకుని వాకిట్లోకి రావాలి?

అందుకని ఒళ్ళు దాచుకోకుండా చేశాడు. అక్కడే వచ్చింది తంటా. తాటిచెట్టును రోజుకు మూడు పూటలా ఎక్కి గీయాలి. ఒక్క పూట తప్పితే గీసినచోటు ఆరిపోయి కల్లు ఆగిపోతుంది. ఆయనకు తెలిసిన సేవ అదొక్కటే. గడ్డిగులాబికీ మూడు పూటలా నీళ్ళు పోశాడు, చెంబు పట్టుకుని సందు సందుకూ వంగి, పైన వాన కురుస్తున్నా సరే. రెమ్మలు మెత్తబడ్డాయి, కాడలు నల్లబడి వాలాయి. పాపం దాహమేస్తోందేమోనని ఇంకో చెంబు పోశాడు మహానుభావుడు.

"వాటిని జర ఇడిసిపెట్టరాదా?" అంది భార్య లక్ష్మవ్వ.

"నలభై ఏండ్లు చెట్లను సాకినోన్ని. నాకు చెప్తున్నవా?"

లక్ష్మవ్వ చాట అందుకుని తన పనిలోకి పోయింది. ఆయన ఏపాటి వినే మనిషో ఆమెకు పెళ్ళయిన వారానికే తెలిసిపోయింది.

ఇంతలో సత్తయ్య కంటికి శుక్లం ఆపరేషనైంది. మూడు వారాలు వంగొద్దు, దుమ్ములో తిరగొద్దు అన్నాడు డాక్టరు. నవనీత ఇంటికి తాళం వేసి ఇద్దరినీ సిరిసిల్ల తీసుకుపోయింది. అక్కడ మూడు పూటలా నీళ్ళు పోసే వేళకు సత్తయ్య చేతులు ఊరికే కదిలేవి. పది రోజులకు పూర్తిగా డీలా పడిపోయాడు. ఒకనాడు అన్నం ముందు కూర్చుని తనే అన్నాడు.

"టైల్స్ మేస్త్రిని పిలువు బిడ్డా. గిప్పటికి అన్ని సచ్చిపోయుంటయి."

ఆ మాట అంటుంటే ఏడుపొచ్చినంత పనైంది.

మూడు వారాలయ్యాక, పొద్దున పదింటికి, పెగడపల్లిలో ఆటో దిగారు. టైల్స్ మేస్త్రి భాస్కర్ కొలతల టేపుతో అప్పటికే వచ్చి ఉన్నాడు. లక్ష్మవ్వ గేటు తాళం తీసింది. భాస్కర్ ఒక కాలు లోపల పెట్టబోయి ఆగిపోయాడు.

"ఏడ కాలు వెట్టాల్నో చెప్పున్రి," అన్నాడు.

సత్తయ్య తొంగిచూశాడు. సందు సందునా ఎరుపు, పసుపు, తెలుపు, గులాబి. కుళ్ళిన కాడల పక్కనుంచే కొత్త కాడలు పాకి బండల మీదికెక్కాయి. నడుమ ఎప్పుడో ఒకటి రెండు జల్లులు పడి ఉంటాయి. వాటికి అదే ఎక్కువ.

"లచ్చవ్వా, ఆపరేషన్ జేసిన కన్నుకు గిట్లనే కనవడ్తయా?"

"నాకేం ఆపరేషన్ గాలే. నాగ్గూడ గట్లనే కనవడ్తున్నయి," అంది లక్ష్మవ్వ.

నవనీత చెప్పులు విడిచి, బండ మీంచి బండ మీదికి అడుగేస్తూ పోయి వాకిలి నడుమ కూర్చుంది. ఒక పువ్వును వేలితో మెల్లగా ముట్టుకుంది.

"బాపూ, గిట్ల పూసెటట్టు ఏం జేసినవు?"

కత్తి సంగతి, ఇసుక సంగతి, నలభై ఏళ్ళ అనుభవం సంగతి, అన్నీ సత్తయ్య నాలుక చివరికొచ్చాయి. ఎంత గొప్ప చెప్పుకున్నా కాదనేవాళ్ళు లేరు. కానీ పువ్వుల ముందు అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"నేనేం జెయ్యలే బిడ్డా. చేతులు ముడుసుకోని కూసున్న, గంతే."

లక్ష్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆగలేక పకపకా నవ్వేసింది. నవనీత భాస్కర్ వైపు తిరిగింది.

"అన్నా, టైల్స్ ఒద్దు. నడిసే దారిల నాలుగు బండలు మాత్రం సదును జెయ్యి. సందులు మూయకు."

సత్తయ్య గేటు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. సిగ్గూ సంతోషమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. చేయాల్సిన పని ఒక్కటీ కనబడలేదు. పని లేకుండా నిలబడటం ఇంత హాయిగా ఉంటుందని ఆయనకు ఆ రోజే తెలిసింది.