చెడిపోని కంప్యూటర్

పన్నెండేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. దొంగతనం కాదు, ఎవరి ప్రాణమూ పోలేదు. ఠాణాకు వెళ్ళి చెబితే చాయ్ తాగించి పంపేస్తారు. అయినా బడిలో ఎవరైనా నన్ను మంచి సారు అన్నప్పుడల్లా అది కదులుతుంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను లెక్కల టీచర్ని. మాది మోత్కూర్ వైపు. ఉద్యోగం దేవరకొండ దగ్గర ఒక ఊళ్ళో, సర్కారు హైస్కూల్లో. ఎనభైల నడుమ మా బడికి ఒక కంప్యూటర్ వచ్చింది. ఊళ్ళో టీవీ ఉన్న ఇళ్ళే రెండు మూడు, ఆ రోజుల్లో. దాని మీద పాఠాలు చెప్పడానికి ఎవరో ఒకరు పట్నం వెళ్ళి మూడు వారాలు నేర్చుకు రావాలన్నారు. లెక్కల సారు కాబట్టి నన్ను పంపారు.

అక్కడ ఏం నేర్చుకున్నానని అడగండి. ఏమీ లేదు. చెప్పేవాడు ఇంగ్లీషులో గడగడా చెప్పుకుపోయాడు. నలుగురికి ఒక యంత్రం. మిగతా ముగ్గురూ పట్నం బళ్ళవాళ్ళు, వాళ్ళు కుర్చీలు లాక్కుని ముందు కూర్చుంటే నేను వెనక నిలబడి తలూపాను. అర్థమైందా అంటే కూడా తలే ఊపాను. తిరిగొచ్చేటప్పుడు వాళ్ళిచ్చిన పుస్తకం నార్కట్‌పల్లి దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అక్కడ బస్సు దిగి చాయ్ తాగి, పుస్తకం సంచీలో అడుగున పెట్టేశాను. మళ్ళీ తీయలేదు.

ఒక గదికి సున్నం వేయించి కంప్యూటర్‌ను అందులో పెట్టారు. చెప్పులు బయట విడవాలని హెడ్మాస్టరుగారి హుకుం. ఆయనే కొబ్బరికాయ కొట్టి, తెర మీద పైభాగాన కుంకుమ బొట్టు పెట్టారు. ఊళ్ళో దర్జీ ఒకాయన దుమ్ము పడకుండా ఎర్ర మఖ్మల్ గుడ్డతో కప్పు కుట్టి తెచ్చాడు. ఆయన కూతురు రజియా తొమ్మిదో తరగతిలో ఉండేది. తండ్రి పనితనం అందరూ మెచ్చుకుంటుంటే ఆ పిల్ల మొహం చూడాలి.

మొదటి పాఠం ఆ తొమ్మిదో తరగతికే. నలభై మంది పిల్లలు కాళ్ళు కడుక్కుని మరీ వచ్చారు. నేను స్విచ్ వేశాను. బీప్ అంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు గుర్తున్న రెండు ముక్కలు కొట్టి పెద్ద మీట నొక్కాను. తెర మీద ఒక మాట వచ్చింది. ముందు వరసలో ఉన్న రజియా కూడబలుక్కుని పైకి చదివింది. "మిస్టేక్. సార్, మిస్టేక్ అంటాంది!"

గది ఘొల్లుమంది. ఇంకోసారి కొట్టాను. మళ్ళీ మిస్టేక్. మూడోసారీ అదే.

ఇరవై ఏళ్ళుగా ఎర్రసిరాతో ఇంటూ కొట్టిన చెయ్యి నాది. లెక్కల సారు తప్పు చేయడని నేనెప్పుడూ అనలేదు. కానీ పిల్లలు అలా అనుకుంటుంటే వద్దన్నానా? లేదు. ఆ చిన్న పెట్టె నలభై మంది ముందు నా మొహం మీద ఇంటూ కొట్టింది. స్విచ్ తీసేసి, బావుల మీద మోటార్లు నడుస్తున్నాయి, కరెంటు సరిగ్గా లేదన్నాను. మర్నాడు హెడ్మాస్టరుగారితో లోపల కాలిపోయిందన్నాను. ఆయన బాధపడలేదు సరికదా, పెద్ద బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకున్నారు. స్టాకు రిజిస్టర్లో దాని పేరుకు ఎదురుగా 'మరమ్మతులో ఉన్నది' అని నాతోనే రాయించారు. గదికి తాళం వేశాం.

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతను నేను ప్రతి ఏడూ పిల్లలకు చెప్పేవాణ్ణి. ఆ ఏడు నుంచి మానేశాను.

నాకు రాదు పిల్లలూ, కలిసి నేర్చుకుందాం అంటే ఏం పోయేది? ఇప్పుడు రాస్తుంటే ఎంత చిన్న మాట! అప్పుడు నోట్లోంచి రాలేదు. అది రానందుకు ఇంకెన్ని మాటలు కల్పించాల్సి వచ్చిందో వినండి.

రెండు రోజులకు రజియా వరండాలో నన్ను పట్టుకుంది.

"సార్, కంప్యూటర్ ఖరాబైందంట గద?"

"అయింది బిడ్డా. లోపట కాలిపోయింది."

"వాసన రాలేదు గద సార్."

నేను అడుగు ముందుకేశాను. ఆ పిల్ల వదలలేదు.

"మా ఇంట్ల కుట్టు మిషన్ ఆగితే మా అబ్బ విప్పి తుడిచి జర నూనె పోస్తడు. మళ్ల నడుస్తది. ఒక్కపారి నన్ను చూడనియ్యుండ్రి సార్. చెయ్యి పెట్ట, ఉత్తగ చూస్త."

"గది కుట్టు మిషన్ గాదు. ముట్టుకుంటే షాక్ కొడ్తది. పో, పోయి లెక్కలు చేసుకో."

రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "బాగైనంక మొదలు నన్నే పిలుస్తరా సార్?"

"పిలుస్త."

ఇంతే సంభాషణ. నిద్రలో లేపి అడిగినా అక్షరం పోకుండా చెప్పగలను.

వారం తిరగకుండా ఆ పిల్ల బట్టల తానులోంచి వచ్చిన గట్టి అట్ట ఒకటి పట్టుకొచ్చింది. బాగయ్యేదాకా దీని మీద నేర్చుకుంటాను, మీటలు ఎక్కడెక్కడ ఉంటాయో గీసివ్వండి అంది. నాకు ఆ వరసలు తెలిస్తే కదా! సాయంత్రం బడి వదిలాక గది తాళం తీశాను. మఖ్మల్ కప్పు ఎత్తి, కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్కొక్క అక్షరం చూసి అట్ట మీద స్కేలు పెట్టి గడులు గీశాను. నా ఎదురుగా బాగున్న కంప్యూటర్. నా ఒళ్ళో అట్ట. మధ్యలో ఏమనిపించిందో స్విచ్ వేశాను కూడా. బీప్ అంది. దొంగను చూసి కుక్క మొరిగినట్టనిపించి, ఉలిక్కిపడి ఆర్పేశాను. కాబట్టి చెడిపోయిందేమోనన్న అనుమానం నాకుండేదని చెప్పుకోవడానికి కూడా లేదు. బాగుందని నాకు తెలుసు.

రజియాను చూసి మిగతా పిల్లలూ అట్టలు తెచ్చారు. తరగతిలో నలభై అట్టల మీద నలభై జతల చేతులు ఆడేవి. ఇది నొక్కితే ఏమొస్తది సార్ అని అడిగేవారు. పుస్తకం సంచీ అడుగునే ఉంది. తోచింది చెప్పేవాణ్ణి. ఆ సంగతి ఎలాగో పైకి పాకి, ఆ ఏడు నల్లగొండలో బోధనోపకరణాల ప్రదర్శనకు మా అట్టను తెమ్మన్నారు. మొదటి బహుమతి వచ్చింది. యంత్రం లేకపోయినా యంత్రవిద్య నేర్పిన ఉపాధ్యాయుడని మైకులో చెప్పి నాకు శాలువా కప్పారు. అట్ట పట్టుకుని రజియా నా పక్కనే నిలబడి ఉంది. చప్పట్లలో అన్నిటికంటే గట్టిగా కొట్టింది ఆమే, అట్ట చంకలో పెట్టుకుని. ఆ శాలువా మా ఇంట్లో బీరువాలో ఉంది. చలికాలంలో కూడా దాన్ని తీయను.

పదో తరగతి పాసై రజియా వెళ్ళిపోయింది. ఆ బ్యాచీ అంతా వెళ్ళిపోయింది. కొందరు బావుల దగ్గరికి, కొందరు బొంబాయి మేస్త్రీ పనులకు, ఆడపిల్లలు పెళ్ళిళ్ళు చేసుకుని. వాళ్ళలో ఎవరికైనా ఆ తెర మీద తన పేరు తాను చూసుకుంటే బతుకు మారేదా? ఏమో. మారేది కాదని అనుకుంటే నాకు సుఖం. అందుకే ఆ లెక్క నేను వేయకూడదు. నా చేతికిస్తే నాకు అనుకూలంగానే తేలుస్తాను.

రెండేళ్ళ కింద మా బడికి కొత్త లెక్కల టీచరు వచ్చింది. ఆర్డరు కాగితం చూసి హెడ్మాస్టరు పేరు చదివారు. రజియా. టైపు నేర్చుకుందట, డిగ్రీ చేసిందట, కంప్యూటర్ కోర్సు చేసిందట, బీఎడ్ అయ్యాక మా జిల్లాయే కోరుకుందట. స్టాఫు రూములో అందరి ముందూ నా కాళ్ళకు దండం పెట్టబోతే పక్కకు జరిగాను. వినయం అనుకున్నారు.

మొదటి నెలలోనే ఆ కంప్యూటర్ గది తాళం అడిగింది. అప్పటికి అది స్టోర్ రూము అయిపోయింది. వద్దనడానికి కారణం దొరకలేదు. వెంట వెళ్ళాను. విరిగిన బెంచీల వెనక, వాళ్ళ అబ్బ కుట్టిన మఖ్మల్ వెలిసిపోయి, దాని కింద అది. గుడ్డతో తుడిచింది, వైర్లు పెట్టింది, స్విచ్ వేసింది. అన్నేళ్ళ తర్వాత కూడా బీప్ అంది, మొండి ఘటం.

"సార్, నడుస్తాంది!" చిన్నపిల్లలా ఎగిరింది. తర్వాత నా వైపు తిరిగింది. "ఎప్పుడు బాగు చేపిచ్చిండ్రు సార్?"

చెప్పాల్సిన క్షణం అదే. పన్నెండేళ్ళలో దేవుడు నాకిచ్చిన ఒకే ఒక్క తేలిక దారి. నేనేమన్నానో తెలుసా? "నడుమల ఒక మెకానిక్ వచ్చి పోయిండు."

ఆమె యంత్రాన్ని వెనక్కి తిప్పింది. వెనక బిగించిన మర మీద అతికించిన సీలు కాగితం చిరగకుండా అలాగే ఉంది. విప్పకుండా ఏ మెకానిక్ బాగు చేస్తాడు? దర్జీ కూతురు, కుట్టు విప్పారో లేదో వేలితో చెప్పగలదు. ఆ కాగితాన్ని వేలితో ఒకసారి తడిమింది. "అట్లనా సార్," అంది. ఇంకేమీ అనలేదు, ఈ రెండేళ్ళలో ఎప్పుడూ అనలేదు. మొదటి అబద్ధం భయంతో ఆడాను. ఈ రెండోది దేంతో ఆడాను? మొదటి దానికంటే ఇదే ఎక్కువ కోస్తుంది.

ఇప్పుడు ఆ గదిలో చెప్పులు విడవక్కర్లేదు. మొదటి రోజే ప్రతి పిల్ల, ప్రతి పిల్లగాడు ముట్టుకుని తీరాలని ఆమె పట్టు. తెర మీద మిస్టేక్ అని రాగానే పిల్లలు బిక్కమొహం వేస్తే రజియా నవ్వుతుంది. "మనం చెప్పింది ఇన్నది గద, గందుకే జవాబిచ్చింది. ఇంకోతీరుగ అడుగుండ్రి," అంటుంది. కిటికీ దగ్గర నిలబడి ఆ మాట విన్న రోజు నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత సిగ్గు విడిచి వెనక బెంచీలో ఎనిమిదో తరగతి పిల్లల పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. మొదటి రోజు నాకు పదకొండు మిస్టేకులు వచ్చాయి. పక్కన కూర్చున్న పిల్ల ఓపిగ్గా లెక్కపెట్టింది. చివరికి నా పేరు తెర మీద పడింది. యాభై ఏడేళ్ళ వయసులో నా పేరు అంత అందంగా ఉంటుందని అప్పుడే తెలిసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. రజియా కూడా.

ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాను. నా కింద ఉన్న సామానంతా రజియాకు అప్పగించాలి. ఇవాళ మధ్యాహ్నం స్టాకు రిజిస్టరు ముందు వేసుకుని కూర్చున్నాను. గ్లోబులు రెండు, వృత్తలేఖినులు ఆరు, అన్నిటి ముందూ 'సరిగ్గా ఉన్నవి' అని రాస్తూ వచ్చాను. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి నా పాత దస్తూరీ కనబడింది. 'మరమ్మతులో ఉన్నది.' దాన్ని కొట్టేసి పక్కన ఎర్రసిరాతో రాశాను. 'పనిచేస్తున్నది. వచ్చిన నాటి నుంచి ఎన్నడూ చెడిపోలేదు. నాకు నడపరాక చెడిపోయిందని అబద్ధం చెప్పాను.' కింద సంతకం పెట్టాను.

రేపు ప్రార్థన అయ్యాక రజియా అది చదివి నా సంతకం పక్కన తన సంతకం పెట్టాలి. చదవకుండా సంతకం పెట్టే మనిషి కాదు, ఆ అలవాటు నేర్పింది నేనే. ఏమంటుందో తెలియదు. ముందే తెలుసు సార్ అంటుందా, ఏమీ అనకుండా పేజీ తిప్పేస్తుందా, ఇక నా మొహం చూడదా? ఏది చేసినా ఆమె ఇష్టం. మాఫీ అడగను. అడిగితే ఇవ్వక తప్పదనుకుంటుంది, ఆ పిల్ల మనసు అలాంటిది.

బాగైనంక మొదలు నన్నే పిలుస్తరా అని అడిగింది. ఇదిగో, పిలిచాను.

ఇంటికొచ్చి రెండు జొన్నరొట్టెలు తిన్నాను. గొంతులో ఏమీ అడ్డం పడలేదు.